డౌట్ అనే క్రియ: అభ్యాసకులకు కొన్ని సూచనలు

డౌట్ అనే ఆంగ్ల పదాన్ని మనం నామవాచకంగా ఇంట్లోకి తెచ్చుకుని, చివర ఒక ఉకారం తగిలించి, తరగతి గది ఆఖరి బెంచీ నుంచి కోచింగ్ సెంటర్ల ప్రకటనల దాకా ఊరేగించి చాలాకాలమైంది. "సార్, చిన్న డౌటు" అని లేచిన విద్యార్థికి నిజానికి సందేహమేమీ ఉండదు, ప్రశ్న మాత్రమే ఉంటుంది. అది చిన్నదీ కాదు. చిక్కంతా ఆ పదాన్ని క్రియగా వాడబోయినప్పుడే మొదలవుతుంది.

ముందుగా వర్ణక్రమం. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఈ పదంలో "బి" లేదు. లాటిన్ మూలమైన "దుబితారే" మీది గౌరవంతో పండితులు దాన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టగా, 16వ శతాబ్దంలో అది అక్కడే స్థిరపడింది. నోరు విప్పాలా వద్దా అని నాటి నుంచి నేటి వరకూ తటపటాయిస్తున్న ఆ అక్షరాన్ని చూస్తే, పదానికి అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఆ లాటిన్ మాటలో దాగి ఉన్నది "రెండు". మన ద్వైధీభావంలో ఉన్నదీ అదే. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నచోటనే కదా తగాదాలు వచ్చేది.

తగాదా ఇది. వాన పడుతుందని అనుమానంగా ఉందన్న తెలుగువాడు గొడుగు పట్టుకుని బయలుదేరతాడు. "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అన్న ఆంగ్లేయుడు గొడుగును ఇంట్లోనే వదిలి వెళతాడు. మన అనుమానం జరుగుతుందనే వైపు మొగ్గితే, వారి డౌట్ జరగదనే వైపు మొగ్గుతుంది. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు.

అందువల్లనే, ఆ రాత్రి సర్వర్ ఆగిపోతుందని గట్టి అనుమానం కలిగిన నేను, సముద్రాల అవతల ఉన్న పై అధికారికి "ఐ డౌట్ ది సర్వర్ విల్ గో డౌన్" అని రాసి నా బాధ్యత నెరవేర్చుకున్నాను. ఆయన నా భరోసాకు కృతజ్ఞతలు తెలిపి నిశ్చింతగా నిద్రపోయారు. సర్వర్ నా మాట నిలబెట్టింది.

తరువాత జరిగిన విచారణలో నాకు తేడా వివరించారు. ఇకపై "సస్పెక్ట్" అనే క్రియను వాడవలసిందిగా సలహా ఇచ్చారు. సలహాను శిరసావహించి, మరుసటి నెల అలాంటి అనుమానమే కలిగినప్పుడు, నిఘంటువు రెండుసార్లు తిరగేసి, నీళ్లు నమిలి, చివరకు "ఐ సస్పెక్ట్ ది సర్వర్ విల్ గో డౌన్ టునైట్" అని తప్పులేకుండా రాశాను. నిమిషంలోనే జవాబు వచ్చింది: "ఐ డౌట్ ఇట్."

ఆయనకూ అదే అనుమానం కలిగినందుకు సంతోషించి, ఇక చూసుకోవడానికి పెద్దవారున్నారన్న ధీమాతో ఇంటికి వెళ్లిపోయాను.