జేజి నోటి పాటకు రాగిరేకు ఏది?

తిరుపతిలో పొద్దుగూకాక మిద్దెమీద బిడ్డను చంకనేసుకుని బువ్వ పెట్టే జేజి (అవ్వ) పాటలో ఒక కొండ ఉంది. ‘చందమామ రావే, జాబిల్లి రావే, కొండెక్కి రావే, గోగుపూలు తేవే’. ఏ కొండ అని ఈ ఊరి పిలకాయలు అడగరు. ఎదురుగా ఘాట్‌రోడ్డు దీపాలు కనబడుతూనే ఉంటాయి. రెండో ముద్దకు బండెక్కి బంతిపూలు వస్తాయి. మూడో ముద్దకు తేరు మీద తేనెపట్టు, నాలుగో ముద్దకు పల్లకిలో పాలూ పెరుగూ. కొండకు గోగు, బండికి బంతి, తేరుకు తేనె, పల్లకికి పాలు. బడిలో యతి అనే మాట వినడానికి పదేళ్ల ముందే ఆ బిడ్డ చెవికి యతి అలవాటైపోతుంది.

ఈ పాటను తాళ్లపాక అన్నమయ్య కూడా పట్టుకున్నాడు. ‘చందమామ రావో, జాబిల్లి రావో, కుందనపు పైడి కోర వెన్నపాలు తేవో’ అంటూ బ్రహ్మనే కన్న తండ్రిని పసివాణ్ణి చేసి, ఆయన కోసం చందమామను పిలిచాడు. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. అప్పటికే తల్లులు పాడుకుంటున్న పాటను ఆయన అందుకున్నాడనే మేము నమ్ముతాం. ఆయన పాట రాగిరేకుల మీదికెక్కింది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉండిపోయిన ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు కాబట్టే ఈరోజు ఆ పాట మన చేతికి అందింది. ఆ తల్లుల పాటను మాత్రం ఎవరూ రేకు మీద చెక్కలేదు. ఒక నోటి నుంచి ఇంకో నోటికి, ఆరు వందల ఏళ్లుగా అదే దాని దారి.

ఇప్పుడు ఆ దారి మూసుకుపోతోంది. మొన్న మా ఆఫీసులో ‘కాళ్లాగజ్జా కంకాళమ్మ’ మొత్తం ఎవరికి వచ్చు అని అడిగితే అందరూ ‘వేగులచుక్క వెలగమొగ్గ’ దాకా హుషారుగా వచ్చారు. తర్వాత ఒకరు మోదుగనీడ అన్నారు, ఒకరు మోదుగబావి అన్నారు. వసంతకేళి దాటాక అందరూ ఆగిపోయారు. కాళ్లు బారచాపుకుని వరసగా కూర్చోవడం, ఒక్కో మాటకు ఒక్కో కాలు తట్టడం, పాట ఎవరి కాలి దగ్గర ఆగితే ఆ కాలు ముడవడం గుర్తున్నాయి. మాటలే పోయాయి.

ఇదే పాట గజ్జికి నాటువైద్యం చెప్పే రహస్యమని ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నిజమా, కాదా అని తేల్చాలంటే పాత పాఠాలు, అంటే ఆ పాట పాత రూపాలు, కావాలి. ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎలా పాడారో ఎవరైనా రాసిపెట్టి ఉండాలి. ఇంగ్లీషువాళ్లకు ఆ వసతి ఉంది. ‘బా బా బ్లాక్ షీప్’ 1744లోనే లండన్‌లో అచ్చయింది. ‘రింగ రింగ రోజెస్’ 1665 నాటి ప్లేగు పాట అని లోకమంతా చెప్పుకుంటుంది. అది ఇంగ్లండులో అచ్చులో కనిపించేది మాత్రం 1881లో. ప్లేగు కథ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ బాగా ప్రచారంలోకి రాలేదు. పిల్లల పాటలను పాత పుస్తకాల్లో వెతికి, పాఠాలు పోల్చి 1951లో నిఘంటువు వేసిన ఓపీ దంపతులు ఆ కథను ఒప్పుకోలేదు. కాగితం మీద తేదీ ఉంది కాబట్టి ఆ మాట అనగలిగారు. మన కాళ్లాగజ్జ విషయంలో అంత గట్టిగా చెప్పడానికి మన దగ్గర ఏముంది?

తెలుగులో ఈ పని అసలు జరగలేదని కాదు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు 1950లలోనే జానపద గేయాలపై పరిశోధించి దారి వేశారు. కానీ చిత్తూరు సీమ పాటల సంగతి వేరు. నగరి, సత్యవేడు వైపు ఒకే ఇంట్లో అమ్మ తెలుగులో, అవ్వ అరవంలో పాడతారు. ‘నిలా నిలా ఓడి వా’ అనే అరవ పాటలోనూ చందమామ కొండెక్కే వస్తుంది. గోగుపూలకు బదులు మల్లెపూలు తెస్తుంది, అంతే. ఏ భాష నుంచి ఏ భాషకు వెళ్లిందో ఆ ఇళ్లలో విన్న పాటలను పక్కపక్కన పెట్టి చూస్తే గదా తెలిసేది! అక్కడి అవ్వల వయసు చూస్తే మాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది.

యూట్యూబ్‌లో బొమ్మల పాటలు ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి, పిల్లలు చూస్తున్నారు కూడా. అయితే అవి ఒక్క పాఠాన్నే ఊరూరికీ పంచుతున్నాయి. పుంగనూరు జేజి మాట అందులో ఉండదు.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. రెండూ కలిసి ఈ ఎండాకాలం సెలవుల్లోనే పని మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. తెలుగు, తమిళ ఎం.ఏ. పిల్లలను జంటలుగా ఊళ్లకు పంపండి. పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. పాటతో పాటు ఊరి పేరు, పాడిన అవ్వ వయసు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో రాసుకోండి. తప్పు పాడిందని దిద్దకండి. సేకరించినవి ముందుగా ఆ ఊరి అంగన్‌వాడీకే ఇవ్వండి. అవ్వకు ఓపిక ఉంటే ఆమెనే అక్కడికి పిలిపించి, పిల్లల మధ్య కాళ్లు చాపి కూర్చోబెట్టండి.