ఒక్క చుక్కకే గర్భసంచి తీయించుకోమంటున్నారు

కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం కొద్ది కొద్ది మార్పులతో తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: నెలసరి కాని రోజున ఒక్క చుక్క రక్తం కనిపించినా గర్భసంచి పాడైనట్టే. పిల్లలు పుట్టాక దానితో పని లేదు కనుక కేన్సర్ రాకముందే తీయించుకోవాలి. పెళ్లికాని పిల్లకు అలా కనిపిస్తే నడవడికను అనుమానించాలి. డెట్టాల్ నీళ్లతో లోపల కడుక్కుంటే అంతా శుభ్రపడుతుంది. చివర జోడించిన చేతుల బొమ్మ, పది మంది ఆడవాళ్లకు పంపమని విన్నపం. పంపేవాళ్లు చాలావరకు మేలు కోరేవాళ్లే. అందుకే కోపం మింగుకుని రాస్తున్నాను.

ముందు ఆ 'పాడైనట్టే' అన్న మాట చూద్దాం. తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు అండం విడుదలవుతుంది. అప్పుడు హార్మోన్లు ఒక్కసారిగా మారడంతో కొందరికి చిన్న రక్తపు మచ్చ కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. గర్భం రాకుండా వాడే మాలా-ఎన్ మాత్రలు మొదలుపెట్టిన తొలి నెలల్లో, మధ్యలో మాత్ర మరచిపోయినప్పుడు, కాపర్-టి వేయించుకున్న కొత్తలో, గర్భం రాకుండా మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్ తీసుకున్నాక కూడా ఇది మామూలే. ఇన్ఫెక్షన్, లోపల పెరిగే చిన్న కండ (పాలిప్), థైరాయిడ్ తేడా కూడా కారణం కావచ్చు. వాటికి వైద్యం ఉంది.

ఇలాంటిదే మరో భయపెట్టే మాట 'పుండు'. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు ఉందని చెబితే వినే మనిషి సగం చచ్చిపోతుంది. చాలాసార్లు అక్కడ పుండు ఉండదు. లోపలి మెత్తటి పొర కాస్త బయటికి వచ్చి ఎర్రగా కనిపిస్తుంది, తగిలితే కాస్త రక్తం కనిపిస్తుంది. వయసులో ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో, మాత్రలు వాడేవాళ్లలో ఇది తరచూ కనిపించేదే.

అసలు ప్రమాదం తీయించుకోమన్న సలహాలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మందికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి 8 మందికి పైగా! మన ఆడవాళ్ల గర్భసంచులే ప్రత్యేకంగా ఎందుకు పాడవుతున్నాయో ఆ సందేశం రాసిన మహానుభావుడే చెప్పాలి. అనవసరపు ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లు మిగులుతుంది: ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, గుండెకు ముప్పు. కేన్సర్ భయమే కారణమైతే ముప్పై దాటినవారికి ముఖద్వారం పరీక్ష ఉంది. కొన్ని నిమిషాల పని, కోత లేదు.

నడవడిక సంగతి. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లు అండం సరిగా విడుదల కాక నెలసరి దారి తప్పడం సహజం. అంతెందుకు, పుట్టిన వారంలోపు కొందరు ఆడశిశువులకు కూడా రెండు చుక్కలు కనిపిస్తాయి. కడుపులో ఉండగా అందిన తల్లి హార్మోన్లు తగ్గిపోవడమే కారణం. ఆ పసిగుడ్డు నడవడికనూ విచారిద్దామా? దీనికి కవల సోదరి మరో మాట, మొదటి రాత్రి రక్తం రాకపోతే కన్య కాదని. కన్నెపొర ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, చాలామందికి రక్తం రానే రాదు. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని, వాటిని నిషేధించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

డెట్టాల్ గురించి ఒక్క ముక్క: వద్దు. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. మందునీళ్లు మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, మంటనూ ఇన్ఫెక్షన్‌నూ తెస్తాయి.

ఇంతకీ ఎప్పుడు పరుగెత్తాలో ఆ సందేశంలో లేనే లేదు. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పదింట తొమ్మిది సార్లు కేన్సర్ కాకపోవచ్చు, కానీ ఆ పదోది తొలిదశలో దొరికితే నయమవుతుంది. విచిత్రంగా, అప్పుడే మన ఇళ్లలో 'మళ్లీ ముట్టొచ్చింది' అని నవ్వి ఊరుకుంటారు, లేదా ఈ వయసులో ఎవరికి చెప్పుకోనని పెద్దావిడ పాతబట్ట దాచేస్తుంది. కలయిక తర్వాత పదేపదే రక్తం కనిపించినా, గర్భం ఉన్నప్పుడు గానీ, ఉందన్న అనుమానం ఉన్నప్పుడు గానీ కనిపించినా, రజస్వల కాని పిల్లకు కనిపించినా చూపించుకోవాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా, గర్భిణికి కడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి చేరాలి.

డాక్టరు మొదట అడిగేది తేదీలే. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, చీటీ వాయిదా అన్నీ గోడ మీది క్యాలెండర్‌లో రాసుకుంటాం. నెలసరి తేదీ మాత్రం రాయం, మామగారు చూస్తారని. చూడనివ్వండి.