మారు వడ్డన

న్యూయార్క్‌లో పాతకాలం స్టేక్‌హౌస్‌లకి, అంటే కాల్చిన గొడ్డుమాంసానికి పేరుపడ్డ హోటళ్ళకి, పాతదనమే పెట్టుబడి. ఓల్డ్ హోమ్‌స్టెడ్ 1868 నాటిది, కీన్స్ 1885 నాటిది, బ్రూక్లిన్‌లో ఉన్న పీటర్ లూగర్ 1887 నాటిది. గోడలకి నల్లబడిన చెక్క, మసక దీపాలు, తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, బో టై కట్టుకున్న పెద్ద వయసు సర్వర్లు. మెనూలో కొత్త వంటకం చేరిందంటే అక్కడ అదొక అప్రతిష్ఠ. మా బావ మమ్మల్ని తీసుకెళ్ళింది ఈ మూడింట్లో దేనికీ కాదు గానీ, అదే బాపతు హోటల్‌కి. దాని పేరు ఇక్కడ అనవసరం. జరిగినదాంట్లో వాళ్ళ తప్పు ఆవగింజంత కూడా లేదు.

బావకి ప్రమోషన్ వచ్చింది. అదే సమయానికి తెనాలి నుంచి అత్తయ్యా మావయ్యా వచ్చి ఉన్నారు. "మన బిర్యానీ తినడానికి ఇంత దూరం రావాలా? ఇక్కడివాళ్ళు తినేచోట తిందాం" అన్నది మావయ్యే. బావకి టేబుల్ దొరికింది మాత్రం శనివారం రాత్రి ఏడింటికి.

శనివారం అనేసరికి ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఆ రోజు అత్తయ్య నీచు ముట్టదు. మావయ్య కూడా ముట్టరు, కనీసం తెనాలిలో ఉన్నంతకాలం. కాసేపు గోడ గడియారం వైపు చూసి ఆయనే దారి కనిపెట్టారు.

"ఇక్కడ శనివారం రాత్రి ఏడంటే మన ఊళ్ళో ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నర. వేట కోసే టైము. నా ఒళ్ళింకా ఇండియా టైములోనే ఉంది."

"వెంకటేశ్వరస్వామి 1970లలోనే పిట్స్‌బర్గ్ గుళ్ళోకి వచ్చి కూర్చున్నాడు. ఆయనకి ఇక్కడి టైమే లెక్క" అంది అత్తయ్య.

దీనికి తిరుగులేదు. ఎవరి టైము వాళ్ళు పాటించేలా రాజీ కుదిరింది. కారులో బావ హుషారుగా పాత హోటళ్ళ చరిత్ర చెప్పాడు. కీన్స్‌లో ఒకప్పుడు ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదట, లిలీ లాంగ్ట్రీ అనే నటి కోర్టుకెక్కి 1905లో గెలిచాక గానీ తలుపులు తెరవలేదట. "అంత పోరాడి లోపలికి వెళ్ళి ఏం తిందో పాపం" అంది అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా అద్దాల గది. అందులో కొక్కేలకీ అరలమీదా పెద్ద పెద్ద మాంసం ముక్కలు, ఒక్కోదానికీ తేదీ వేసిన చీటీ. పైన నల్లగా చెక్కు కట్టి ఉన్నాయి. గడ్డకట్టేంత చలికి ఒక్క మెట్టు పైన వారాల తరబడి అలా ఆరబెడితే నీరు తగ్గి రుచి చిక్కబడుతుందనీ, లోపలి కండ దానంతటదే మెత్తబడుతుందనీ, వండేముందు ఆ నల్లటి చెక్కు కోసి పారేస్తారనీ బావ వివరించాడు. మావయ్య కళ్ళజోడు సర్దుకుని చీటీ మీద తేదీ చూశారు. వేళ్ళమీద లెక్కపెట్టారు.

"ఇరవై ఎనిమిది రోజులా? ఆదివారం ఎనిమిది దాటితే నేను కొట్టు దాకా వెళ్ళి కూడా వెనక్కొచ్చేస్తానురా, నిలవ సరుకని."

ఇంట్లో ఎవరూ గొడ్డుమాంసం తినరు. తినరని అత్తయ్యా మావయ్యా అనుకుంటున్నారు. మేము కూర్చోగానే తెల్ల ఏప్రన్ కట్టుకున్న సర్వర్ వచ్చాడు. వయసులో మావయ్యకి ఓ ఏడాది అటూఇటూ ఉంటాడు. బావని చూడగానే ముఖం విప్పారింది. "ఎప్పటిలాగేనా సార్?" అన్నాడు ఇంగ్లీషులో.

"సాల్మన్!" అన్నాడు బావ, అతని మాట పూర్తి కాకముందే.

సర్వర్ కనుబొమలు ఒక్క క్షణం పైకి లేచి మళ్ళీ సర్దుకున్నాయి. అన్నేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా! "సాల్మన్. అవును సార్. ఎప్పటిలాగే" అని రాసుకున్నాడు.

"పాపం, వచ్చినప్పుడల్లా చేపేనా" అని మావయ్య జాలిపడ్డారు.

ఆయన గొర్రెమాంసం చాప్స్ చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, ఎన్ని పళ్ళ పొట్టేలో కనుక్కోమన్నారు. బావ ఎలాగో ఆ సంగతి ఇంగ్లీషులోకి దించాడు. సర్వర్ తికమకపడలేదు, పైగా అతని ముఖంలో గౌరవం కనిపించింది. ఏడాది లోపుదని చెప్పాడు. "లేత. చప్పగా ఉంటుంది" అని మావయ్య తీర్పిచ్చేశారు. ఎంత కాల్చాలని అడిగితే, ఇంకెవరూ దాన్ని మళ్ళీ కాల్చనక్కర్లేకుండా కాల్చమన్నారు.

అత్తయ్యకి ఏం పెట్టాలన్నది అసలు చిక్కు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చిన్న చేపలు రుబ్బుతారు. బేక్డ్ పొటాటో మీద పంది మాంసం పలుకులు చల్లుతారు. బావ ఒక్కొక్కటీ విచారించి, చివరికి ఏమీ చల్లని బంగాళాదుంపా క్రీమ్డ్ స్పినాచూ ఖాయం చేశాడు. పాలకూరని సన్నగా తరిగి, వెన్నా మీగడా పోసి, జాజికాయ పొడి వేసి చిక్కగా ఉడికిస్తారు. ఏ పాత స్టేక్‌హౌస్‌కి వెళ్ళినా ఇది ఉండాల్సిందే. ఆర్డర్ రాసుకుని సర్వర్ అటు వెళ్ళాడో లేదో, బావ ఫోన్ మోగింది. ఆఫీసులో ఏదో సర్వర్ పడిపోయిందట, ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ వాడిదే. "రెండు నిమిషాలు" అని బయటికి వెళ్ళాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ రెండు నిమిషాలు ఎంతో మీకు తెలుసు.

ముందు వెచ్చటి బ్రెడ్డూ వెన్నా వచ్చాయి. మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "మేం చెప్పలేదే! అడక్కుండా పెట్టి బిల్లులో కలిపేస్తారు, రైల్లో వాటర్ బాటిల్ లాగా" అని బుట్ట వెనక్కి పంపించేశారు. ఆ హోటల్ మొత్తానికి ఊరికే ఇచ్చే వస్తువు అదొక్కటే.

తర్వాత చాప్స్ వచ్చాయి. పక్కన చిన్న గిన్నెలో పచ్చగా నిగనిగలాడుతూ ఏదో ఉంది. "చూశావా, పుదీనా పచ్చడి! వీళ్ళకీ తెలుసురా" అని మావయ్య సంబరంగా సగం గిన్నె వంచుకున్నారు. అది మింట్ జెల్లీ. పంచదార పాకంలో పుదీనా వాసన. మొదటి ముద్దకి ఆయన ముఖంలో కలిగిన మార్పులు రాయడం నా వల్ల కాదు. ఆ తీపి విరగ్గొట్టడానికే అత్తయ్య ముందున్న పాలకూర రెండు చెంచాలు లాక్కున్నారు. అక్కడే కొంప మునిగింది, అది ఆయనకి నచ్చింది.

"పప్పు వెయ్యడం మర్చిపోయారు గానీ బానే ఉంది" అని అత్తయ్య కూడా ఒప్పుకుంది. గిన్నె ఖాళీ అయింది. మావయ్య సర్వర్‌ని పిలిచి, తెనాలి మీల్స్ హోటల్లో మారు అడిగినట్టే గిన్నె చూపించి వేలెత్తారు. అతను ఆనందంగా ఇంకోటి తెచ్చాడు.

గిన్నె 16 డాలర్లు. ఇక్కడ ప్లేటులో వచ్చేది మాంసం ఒక్కటే, పక్కన కూర, దుంప, పుట్టగొడుగులు దేనికది విడిగా లెక్క. ఆ సంగతి బల్ల దగ్గర ఇద్దరికే తెలుసు, నాకూ బావ భార్యకీ. ఆవిడ నాకు అక్క వరస. ఆవిడేమో కోడలు. కొడుకు ప్రమోషన్ విందులో మావగారితో "దానికి డబ్బులండీ" అని ఎలా అంటుంది? నేనా, మేనల్లుణ్ణి, పైగా ఊరికే తింటున్నవాణ్ణి. బల్ల కింద అక్క కాలు నా కాలికి గట్టిగా తగిలింది.

"మావయ్యా, ఇందులో వెన్న ఎక్కువ. బరువు చేస్తుందేమో" అన్నాను.

"నీ వయసులో వెన్న బరువేంట్రా! పట్టు" అని నాకు రెండు గరిటెలు వేశారు. "ఏమ్మా, నువ్వూ వేసుకో. మొహమాటపడకు."

గిన్నె మళ్ళీ ఖాళీ, మళ్ళీ వేలు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అతనికి తెలుగు రాదు. అయినా వడ్డించేవాడికీ తినేవాడికీ మధ్య ఉండే ఆ పాత చుట్టరికం ఏదో ఇద్దరికీ కుదిరిపోయింది. మావయ్య చెయ్యి ఇలా పైకి లేచేసరికి అతను అలా వంటగదిలోకి మాయమయ్యేవాడు. ఒకసారైతే వంటగది తలుపు తీసి లోపలినుంచి వంటాయన తొంగిచూసి వెళ్ళాడు. నిప్పుల్లో కాల్చిన మాంసానికి పేరుపడ్డ హోటల్లో పాలకూర కోసం ఇంత తపించే మనిషి ఆయనకీ కొత్తేమో. అక్క తన ప్లేటులోది ముట్టడం మానేసింది. తింటే అయిపోయిందనుకుని ఇంకోటి తెప్పిస్తారని ఆవిడ భయం. తినకపోతే "నచ్చలేదా, వేడిగా ఇంకోటి తెప్పించనా" అన్నారాయన.

బావ తిరిగొచ్చేసరికి బల్లమీద ఐదు గిన్నెలున్నాయి. వాడు కూర్చోకుండానే వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. పెదవులు కదిలాయి. పదహారో ఎక్కం అనుకుంటా.

"రారా, నీకోసం ఉంచాం" అని మావయ్య ఐదో గిన్నె వాడివైపు జరిపారు. చల్లారిన సాల్మన్‌తో కలిపి బావ దాన్ని గీకి గీకి తిన్నాడు. చిన్నప్పుడు వాడి కంచంలో అంత శుభ్రత ఎప్పుడూ చూడలేదని అత్తయ్య మురిసిపోయింది.

బిల్లు తోలు అట్టలో పెట్టుకొచ్చారు. మావయ్య "నేనిస్తా" అని చెయ్యి చాపారు, బావ ఎగిరి పట్టుకున్నాడు. వద్దంటే వద్దని ఇద్దరూ కాసేపు గుంజుకున్నారు. బావ అంత పట్టుదలగా లాక్కోవడం తండ్రి మీద ప్రేమే అని పక్క బల్ల వాళ్ళు కూడా అనుకున్నట్టున్నారు. ఇరవై శాతం టిప్ కూడా మొత్తం మీదే లెక్క కాబట్టి, పాలకూరకి పాలకూరా, దాని మీద టిప్పూ. సంతకం పెడుతుంటే వాడి పెన్ను రెండుసార్లు ఆగింది.

సర్వర్ తలుపు దాకా వచ్చాడు. మావయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ రమ్మని పదే పదే చెప్పాడు. వెళ్ళేముందు ఓ కాగితం సంచీ అక్కకి అందించాడు. అందులో వెనక్కి పంపిన బ్రెడ్డు వెచ్చగా ఉంది. అప్పటికే బావ కారు దగ్గరికి వెళ్ళిపోయాడు కాబట్టి, దానికెంత అని మావయ్య అడిగినప్పుడు అక్కే జవాబు చెప్పింది: "ఊరికేనండీ మావయ్యగారూ."

"చూశావా! మర్యాద తెలిసిన మనిషి" అన్నారాయన. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ బావ భుజం తట్టారు. "ఇండియా వెళ్ళేలోపు ఇంకోసారి వద్దాంరా. ఈసారి మీ పెద్దమ్మా వాళ్ళని కూడా పిలు. వాళ్ళకి పాలకూరంటే ప్రాణం."

బావ ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేశాడు.