కేసులు తగ్గితే నేరాలు తగ్గినట్టేనా?

ఏటా డిసెంబర్ ఆఖర్లో శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా పోలీసు అధికారులు విలేకరులను పిలిచి, ఆ ఏడాది హత్యలెన్ని, దొంగతనాలెన్ని, మోసాలెన్ని, రోడ్డు ప్రమాదాలెన్ని అని లెక్క చదువుతారు. మర్నాడు పేపర్లలో నేరాలు ఇంత శాతం తగ్గాయనో పెరిగాయనో హెడ్డింగు వస్తుంది. తగ్గితే పోలీసులు బాగా పనిచేశారని, పెరిగితే శాంతిభద్రతలు పాడయ్యాయని అనేసుకుంటాం. ఈ రెండూ తొందరపాటు మాటలేనని మా అభిప్రాయం.

ఆ లెక్కలో ఉండేవి స్టేషన్ రికార్డుల్లోకి ఎక్కిన కేసులు. నేరం జరగడానికీ కేసు కట్టడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. బాధితుడికి ముందు అది నేరమని తెలియాలి, తర్వాత స్టేషన్‌కి వెళ్లే ధైర్యం కావాలి, వెళ్లాక ఎస్సై గానీ స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ గానీ ఫిర్యాదు కాగితం తీసుకోవాలి, తీసుకున్నాక దాన్ని ఎఫ్ఐఆర్ చేయాలి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా ఆ నేరం లెక్కలోకి రాదు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసిన గొడవ లెక్కలో లేదు, ఆడపిల్ల పరువు పోతుందని ఇంట్లోనే నొక్కేసిన విషయం లేదు. పలాసలో రైల్లో గొలుసు తెంపుకుపోతే ఆ కేసు రైల్వే పోలీసులది, కాబట్టి జిల్లా ఎస్పీ చదివే లెక్కలో అదీ కనపడదు. దొంగ కొట్టేసిన ఫోన్‌కి ‘పోగొట్టుకున్నాను’ అని రాయించి పంపేస్తే అది దొంగతనమే కాకుండా పోతుంది.

అందుకే అన్ని అంకెలనూ ఒకేలా నమ్మకూడదు. హత్యల లెక్క చాలావరకు నమ్మదగినది, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం. బండి దొంగతనాలు కూడా కొంత నయం, ఎఫ్ఐఆర్ లేకుండా ఇన్సూరెన్స్ డబ్బు రాదు కాబట్టి జనమే పట్టుబట్టి కేసు పెట్టిస్తారు. కానీ ఇంట్లో జరిగే హింస దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క దాదాపు గుడ్డిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటికి వెళ్లి అడిగితే, శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో సాయం కోసం ఎవరినైనా అడిగినవాళ్లు 14 శాతమే అని తేలింది. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికే. ఇక స్టేషన్ దాకా వచ్చేవాళ్లెంతమంది ఉంటారు?

కేసులు పెరగడం ఒక్కోసారి మంచి కబురు కూడా. 2012లో దేశమంతా కలిపి 24,923 అత్యాచారం కేసులు నమోదైతే 2013లో 33,707 నమోదయ్యాయి. 2012 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన నిర్భయ సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఆడవాళ్లు నోరు విప్పారు, చట్టం మారింది, కేసు కట్టకపోతే పోలీసు అధికారికే శిక్ష పడేలా నిబంధన వచ్చింది, అందుకే అంకె పెరిగింది. ఏడాదిలో మగవాళ్లు అంతగా చెడిపోయారని దానర్థం కాదు. నేరాల రేటులో కేరళ తరచూ పైవరుసలో కనిపించడం వెనకా ఇలాంటి కారణమే ఉంది, అక్కడ జనం స్టేషన్‌కి వెళ్తారు, పోలీసులు కేసు కడతారు. గంజాయి సంగతి ఇంకోలా ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి హైవే మీద తనిఖీలు పెంచితే కేసులు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. రవాణా అయ్యే సరుకు ఎంతన్నది ఆ అంకె చెప్పదు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట వైపు పార్వతీపురం మన్యంలోకి పోయాయి, రాజాం విజయనగరంలో కలిసింది. ఇప్పటి శ్రీకాకుళాన్ని 2021 శ్రీకాకుళంతో పోల్చి ‘తగ్గాయి’ అంటే సగం కథ అక్కడే పోయింది. లక్ష జనాభాకి ఇన్ని నేరాలు అనే రేటుకి కూడా 2011 జనాభా లెక్కల మీద వేసిన అంచనాలే ఆధారం. వలసపోయే జిల్లాలో ఊళ్లో నిజంగా ఎంతమంది ఉంటున్నారో ఆ అంచనాలకి తెలీదు, గుజరాత్ రేవుల్లో వేటకెళ్లిన మన మత్స్యకారుడికి అక్కడ జరిగిన అన్యాయం మన లెక్కలోకీ రాదు.

దేశం మొత్తానికి లెక్కలు కట్టే జాతీయ నేర రికార్డుల బ్యూరో పద్ధతిలోనూ పరిమితులున్నాయి. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కేస్తారు. దోపిడీకి వచ్చి చంపేసి పోతే హత్య ఒక్కటే మిగులుతుంది. కేసులు పెరగడం, నేరాలు పెరగడం ఒకటి కాదని ఆ బ్యూరోనే చెప్తుంది. శిక్షల శాతం విన్నప్పుడూ జాగ్రత్తగా ఉండాలి. ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నిట్లో శిక్ష పడిందన్నదే ఆ శాతం. కోర్టులో ఏళ్ల తరబడి మూలుగుతున్న కేసులు అందులో ఉండవు.

మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఒకటుంది. కేసులు పెరిగాయేంటని పైఅధికారి సమీక్షలో నిలదీస్తాడని తెలిసిన ఎస్సై, కాగితం తీసుకోకుండా రాజీకే చూస్తాడు. అంకె తగ్గితే మెచ్చుకుంటామని మనమే చెప్తుంటే, అతను స్టేషన్‌కి వచ్చిన కూలీని, దళిత మహిళని, మోసపోయిన నిరుద్యోగిని వెనక్కి పంపడానికి మనమే కారణం దొరకబెట్టినట్టు. కాబట్టి ‘కేసులు తగ్గించండి’ అనే మాట పోలీసు సమీక్షల్లోంచి పోవాలి. దాని బదులు సోమవారం ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కి వచ్చిన అర్జీల్లో ఎన్ని అసలు స్టేషన్‌లోనే ఎఫ్ఐఆర్ కావాల్సినవో బయటపెట్టాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన బాధితుల్లో ఎంతమందికి కేసు కట్టారో, ఎంత డబ్బు తిరిగి చేతికొచ్చిందో చెప్పాలి. అమెరికాలో 1970ల నుంచి, ఇంగ్లండ్‌లో 1980ల నుంచి ఇంటింటికీ వెళ్లి ‘ఈ ఏడాది మీ మీద ఏదైనా నేరం జరిగిందా, పోలీసులకి చెప్పారా’ అని అడుగుతున్నారు. గ్రామ, వార్డు సచివాలయాల్లో ఇంతమంది సిబ్బంది ఉన్న రాష్ట్రానికి ఇలాంటి సర్వే పెద్ద కష్టం కాదు. అయితే అడిగేవాళ్లు పోలీసు శాఖ మనుషులు కాకూడదు, అప్పుడే జనం నిజం చెప్తారు.

ఈలోగా స్టేషన్‌కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. కేసు కట్టాల్సిన నేరమని ఫిర్యాదులో కనపడితే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరి అని 2013 నవంబర్ 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో చెప్పింది. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు, ఆ వెసులుబాటుని కేసు ఎగ్గొట్టడానికి వాడకుండా చూడాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. రాయకపోతే ఆ సంహిత 173వ సెక్షన్ కింద ఫిర్యాదుని పోస్టులో ఎస్పీకి పంపండి, రశీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ దగ్గరికి వెళ్లొచ్చు. లాయర్ ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకీ ఎస్సీ, ఎస్టీలకీ అక్కడ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.