పేర్లు పదహారు, మెట్లు పన్నెండే

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం క్లుప్తంగా ఇదీ: "పాశ్చాత్యులకు 12 స్వరాలే, మనకు 16. మూడు స్థాయిలూ కలిపితే 48. అందుకే మన 72 మేళకర్తలు కీబోర్డు మీద పలకవు."

16 అన్నది పేర్ల లెక్క. రి, గ, ద, ని మూడేసి రకాలు, మధ్యమం రెండు, స, ప ఒక్కొక్కటి. వీటిలో చతుశ్రుతి రిషభమే శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభమే సాధారణ గాంధారం. అలాగే చతుశ్రుతి ధైవతమే శుద్ధ నిషాదం, షట్‌శ్రుతి ధైవతమే కైశికి నిషాదం. నాలుగు స్థానాలకు రెండేసి పేర్లు కాబట్టి మిగిలేవి 12. నమ్మకపోతే వీణ చూడండి: రెండు స్థాయిలకు 24 మెట్లు. నిజంగా 16 స్థానాలుంటే 32 ఉండాలి.

మరి రెండు పేర్లెందుకు? మేళకర్తలో, అంటే మూల రాగంలో, ఏడు స్వరాలూ ఉండితీరాలి. కీబోర్డులో సి మీద షడ్జమం పెట్టి కనకాంగి మేళకర్త వాయిస్తే తర్వాతి మెట్లు సి షార్ప్, డి. రెంటినీ రి అంటే గ ఎక్కడుంది? అందుకే అక్కడ డి గాంధారం. ఖరహరప్రియలో అదే డి రిషభం. పాశ్చాత్యులదీ ఇదే పద్ధతి. ఏడు అక్షరాలకు ఫ్లాట్, షార్ప్, డబుల్ ఫ్లాట్, డబుల్ షార్ప్ చేరిస్తే 35 పేర్లవుతాయి, మెట్లు మాత్రం 12. పేర్లతో పోటీకి దిగితే మనమే ఓడిపోతాం.

48 అంటే ఆ 16ను మంద్ర, మధ్య, తార స్థాయిలకు మూడింతలు చేసిన లెక్క. దాని సంగతి ఇంకా తేలిక. మధ్య షడ్జమం 261.6 హెర్ట్జ్ అయితే తార షడ్జమం 523.2, సరిగ్గా రెట్టింపు. పై స్వరంలోని అనుస్వరాలన్నీ (స్వరపు కంపనానికి 1, 2, 3... రెట్లుగా దానితోపాటే పలికే హార్మోనిక్స్) కింది స్వరంలో ముందే ఉన్నాయి, అందుకే చెవికి అదే స్వరంగా తోస్తుంది. కీబోర్డు మెట్లకు వరుస సంఖ్యలిచ్చే కంప్యూటర్ పద్ధతి మిడి (MIDI)లో సి మెట్లు 48, 60, 72. 12తో భాగిస్తే అన్నిటికీ శేషం సున్నా. స్వరం పేరు ఆ శేషానిదే. అలాగని స్థాయికి విలువ లేదనుకోకండి: నవరోజు మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే నడుస్తుంది, తార స్థాయికి ఎక్కిస్తే ఆ రాగపు పోకడ చెడుతుంది.

ఇక 72. 17వ శతాబ్దంలో వేంకటమఖి కట్టిన ఈ లెక్క పుట్టిందే 12 స్థానాల నుంచి. రి-గలకు నాలుగు మెట్లు, వాటిలో రెండు ఎంచుకునే తీరులు 6. ద-నిలకు మరో 6, మధ్యమాలు 2. 6×6×2 అంటే 72. 16 విడివిడి స్థానాలైతే 9×9×2, అంటే 162 మేళాలు వచ్చేవి! కాబట్టి 72 మేళాల ఆరోహణ అవరోహణలూ కీబోర్డు మీద ఇబ్బంది లేకుండా వాయించవచ్చు.

పలకనివి వేరే ఉన్నాయి. తోడి గాంధారం ఊగుతుంది. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే మీట) లేని కీబోర్డులో మెట్టు ఊగదు. రెండోది శ్రుతి. తంబురా నుంచి వినిపించే అంతర గాంధారం షడ్జమానికి 5/4, అంటే 327.0 హెర్ట్జ్. కీబోర్డులో అది 329.6. షడ్జమపు ఐదో అనుస్వరం 1308, కీబోర్డు గాంధారపు నాలుగోది 1318. రెండూ కలిస్తే సెకనుకు పది చొప్పున అదురు వినిపిస్తుంది. పంచమంలో తేడా 2 సెంట్లే (సెంటు అంటే ఒక మెట్టు దూరంలో నూరో వంతు), దాదాపు తెలియదు. శంకరాభరణం కీబోర్డు మీద ఎబ్బెట్టుగా ఉందంటే ముందు అనుమానించాల్సింది గాంధారాన్ని.