నలభై వేల జీతంలో విదేశీ టూర్: వెళ్లొచ్చు, కానీ ఎవరి డబ్బుతో?

కూతురి ఓణీల ఫంక్షన్‌కు రెండు లక్షలు అప్పు చేస్తే మన ఊళ్లల్లో ఎవరూ నోరెత్తరు. "పిల్ల ముచ్చట, చేయకపోతే ఎలా" అంటారు. అదే రెండు లక్షలతో ఇంట్లో నలుగురం బ్యాంకాక్ వెళ్లొస్తామని చెప్పి చూడండి. అత్తగారి దగ్గర్నుంచి ఇంటి ఓనర్ దాకా అందరూ జీతమెంత, అప్పులెన్ని అని ఆరా తీస్తారు. తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు విదేశాలెందుకు అనేస్తారు. ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అలాగని వెళ్లాలనుకున్న ప్రతివాళ్లూ వెళ్లిపోవచ్చని కూడా నేను అనడం లేదు.

ముందు ఫంక్షన్ వైపు ఉన్న న్యాయం ఒప్పుకోవాలి. ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఎవరో బాబాయ్ కూర్చుంటాడు. రూళ్ల నోట్‌బుక్‌లో పేరు, ఊరు, వాటి ఎదురుగా 516, 1,116 అని రాసుకుంటాడు. ఆ పుస్తకం ఏళ్ల తరబడి బీరువాలోనే ఉంటుంది. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఎంత చదివించాలో అందులోనే చూసుకుంటారు. పెట్టిన ఖర్చులో కొంత ఆ సాయంత్రమే చేతికొస్తుంది. మిగతాది ఆస్పత్రిలో చేరిన రోజు పరుగెత్తుకొచ్చే మనుషుల రూపంలో వస్తుంది. టూర్‌కు పెట్టిన డబ్బు అలా తిరిగి రాదు. ఈ తేడా చిన్నది కాదు. అయినా అప్పు తెచ్చి నాలుగు వందల మందికి భోజనాలు పెట్టడాన్ని బాధ్యత అంటూ, సొంత పెళ్లాం పిల్లలతో వారం రోజులు గడపడాన్ని దుబారా అనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

నిజానికి తక్కువ సంపాదన ఉన్న తెలుగువాళ్లు దేశం దాటడం ఇప్పుడు మొదలైంది కాదు. కాశీ, గయ చూపించి అటు నుంచి అటే నేపాల్ పశుపతినాథ్ దాకా తీసుకెళ్లే యాత్రా బస్సులు ఎక్కేది ఎక్కువగా చిన్న రైతులు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లే. ఏళ్ల తరబడి కూడబెట్టుకుని హజ్‌కు, జెరూసలేంకు వెళ్లేవాళ్లు ప్రతి పట్నంలో ఉన్నారు. హజ్ యాత్రకు కేంద్రం 2018 దాకా సబ్సిడీ కూడా ఇచ్చింది. యాత్ర అన్నప్పుడు ఎవరూ నొసలు చిట్లించరు. సరదాగా వెళ్తామంటేనే తప్పు చేసినట్టు చూస్తారు. మూడు వందల అరవై రోజులు స్టవ్ ముందు నిలబడే ఆడమనిషికి సరదా అక్కర్లేదా?

కాబట్టి హక్కు ఉందా లేదా అన్న చర్చ అనవసరం. అసలు ప్రశ్న, ఆ ఖర్చు ఇప్పటికే సంపాదించి దాచిన డబ్బుదా, ఇంకా సంపాదించని రేపటి జీతాలదా అన్నది.

హైదరాబాద్‌లో నెలకు 40 వేలతో నడిచే నలుగురి కుటుంబాన్ని తీసుకుందాం. అద్దె 10 వేలు. సరుకులు, పాలు, గ్యాస్, కూరగాయలు కలిపి 12 వేలు. స్కూలు ఫీజు ఏడాది మొత్తాన్ని నెలలకు పంచితే 5 వేలు. పెట్రోలు, కరెంటు, ఫోన్లు 4,500. మందులు, పండగలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 3,500. నెలాఖరుకు మిగిలేది 5 వేలు, అదీ ఎవరికీ జ్వరం రాకపోతే.

ఇప్పుడు టూర్ లెక్క. 2023 నవంబర్‌లో థాయ్‌లాండ్, డిసెంబర్‌లో మలేషియా మనవాళ్లను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాక, 2024లో విశాఖ నుంచి కూడా బ్యాంకాక్, కౌలాలంపూర్‌లకు నేరుగా విమానాలు వచ్చాక ఆశ పెరిగింది. (ఈ నిబంధనలూ, ఈ విమానాలూ మారుతూనే ఉంటాయి. టికెట్ తీసే రోజు ఏముందో చూసుకోవాల్సిందే.) ఫోన్‌లో వచ్చే ప్రకటన ఆ ఆశ మీదే నడుస్తుంది. పైన పెద్ద అంకెల్లో "థాయ్‌లాండ్ 4 రాత్రులు, రూ. 29,999 మాత్రమే" అని ఉంటుంది. వేలితో కిందికి జరిపితే సన్న అక్షరాలు కనిపిస్తాయి: ఒక్కొక్కరికి, ట్విన్ షేరింగ్, ల్యాండ్ ప్యాకేజీ, జీఎస్‌టీ అదనం. ల్యాండ్ ప్యాకేజీ అంటే అందులో విమానం టికెట్ లేదని. ట్విన్ షేరింగ్ అంటే ఇద్దరు ఒక గది పంచుకుంటేనే ఆ రేటని. పిల్లలకు వేరే మంచం కావాలంటే ఒక రేటు, అక్కర్లేదంటే ఇంకో రేటు. రెండేళ్లు దాటిన పిల్లలకు విమానంలో దాదాపు పెద్దవాళ్ల టికెట్టే పడుతుంది.

సొంతంగా బుక్ చేసుకుని పొదుపుగా వెళ్లినా నా అంచనా ఇది. రానుపోను టికెట్లు తలకు 20 వేల చొప్పున 80 వేలు. ఐదు రాత్రుల హోటల్ 18 వేలు. తిండికి 20 వేలు. అక్కడి బస్సులు, పడవలు, ప్రవేశ టికెట్లకు 25 వేలు. పాస్‌పోర్టులకు పెద్దవాళ్లకు 1,500, పిల్లలకు 1,000 చొప్పున 5 వేలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ 3 వేలు. ఇక ఎవరూ ముందు లెక్కేయనివి రెండున్నాయి. ఒకటి, కొత్త సూట్‌కేసులు, బట్టలు, తిరిగొచ్చాక చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ పంచే చాక్లెట్లు. దానికి 15 వేలు ఇట్టే అవుతాయి. రెండోది జీతం కోత. ప్రైవేటు ఉద్యోగికి, ఆటో నడిపేవాళ్లకు, షాపు నడుపుకునేవాళ్లకు వారం సెలవంటే వారం సంపాదన పోవడమే. అది 9 వేల దాకా ఉంటుంది. మొత్తం 1,75,000.

ప్యాకేజీ కొంటే ఇంకో విషయం ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందుగానే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. మొన్నటిదాకా పది లక్షల లోపు ప్యాకేజీకి 5 శాతం ఉన్న దాన్ని 2026 బడ్జెట్‌లో 2 శాతానికి తగ్గించారు. అది మన పాన్ నంబరు మీద జమ అవుతుంది, ఐటీ రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. కానీ 40 వేల జీతం వాళ్లు చాలామంది, పన్నే పడదు కదా అని రిటర్ను వేయరు. అలా వాళ్లకు రావాల్సిన డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. పైగా ఏడాదిలో విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చుపెడితే, పన్ను పడినా పడకపోయినా రిటర్ను వేయాలన్నది చట్టం. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పగా నేను వినలేదు. అక్కడికెళ్లాక కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద వేసే అదనపు రుసుము), దాని మీద మళ్లీ జీఎస్‌టీ వేస్తాయి. అదీ కలుపుకోవాలి.

ఇక ఈఎంఐ. "ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి" అని యాప్‌లు పిలుస్తున్నాయి. 1,75,000 పర్సనల్ లోన్ 16 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 8,570 కట్టాలి, మొత్తం మీద 30 వేల పైచిలుకు వడ్డీ. మన కుటుంబానికి మిగిలేది 5 వేలే. మిగతా 3,570 ఎక్కడి నుంచి వస్తుంది? ఫీజులోంచో, మందుల్లోంచో, ఇంకో యాప్ అప్పులోంచో రావాలి. అంటే వారం రోజుల టూర్‌ను ఇంట్లో అందరూ రెండేళ్లు మోయాలి. నిజంగానే నెలకు 8,570 పక్కన పెట్టగలిగే ఇల్లయితే అప్పు అవసరమే లేదు. 21 నెలలు దాస్తే డబ్బు తయారవుతుంది, వడ్డీ పైసా ఉండదు. అప్పు చేసిన ఇంట్లో అప్పటికింకా మూడు వాయిదాలు మిగిలి ఉంటాయి.

బంగారం తాకట్టు పెట్టి వెళ్దామనే ఆలోచన దీనికంటే ప్రమాదం. తక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో ఆ నాలుగు తులాలే అసలైన ఇన్సూరెన్స్. అర్ధరాత్రి ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టమంటే మన ఆడవాళ్లు తీసేది మెడలో గొలుసే. దాన్ని బీచ్ హోటల్ కోసం బ్యాంకు లాకర్లో పెట్టేస్తే అసలు కష్టం వచ్చిన రోజు చేతిలో ఏమీ ఉండదు. చీటీ డబ్బుతో వెళ్లేవాళ్లూ ఉన్నారు. అది మంచి దారే, చీటీ రిజిస్టర్ అయినదై, చివరి నెలల్లో ఎత్తుకునేదైతే. మూడో నెలలోనే పాటలో తగ్గించి పాడుకుంటే అదీ అప్పే, పేరు మారిందంతే.

ఇంతా చేసి వెళ్తే దక్కేదేమిటి? వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు అనేవాళ్లుంటారు. పక్కింటి వాళ్లు వెళ్లారని వెళ్లేవాళ్లు ఉన్న మాటా నిజం, ఆ కారణంతో వెళ్తే ఎంత పెట్టినా దండగే. కానీ నేను విలువ కట్టేది వేరే వాటికి. అక్షరం అర్థం కాని ఊళ్లో నాన్న మ్యాప్ పట్టుకుని, సైగలతో దారి అడిగి, అందరినీ సరైన బస్సెక్కించడం పిల్లలు చూస్తారు. ఇంట్లో ఎప్పుడూ అలసిపోయి, కోపంగా కనిపించే మనిషిని ఇంకోలా చూసే అవకాశం అది. అమ్మ వరసగా ఐదు రోజులు "రేపు టిఫిన్ ఏం చేయాలి" అనే టెన్షన్ లేకుండా నిద్రలేస్తుంది. (రైస్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకెళ్లి అక్కడా ఆమె చేతే వండించే ఇళ్లున్నాయి. డబ్బు మిగులుతుందన్నది నిజమే. కానీ ఆ సెలవు ఆమెకు కాదని ఒప్పుకోవాలి.)

ఈ విలువకు వయసుతో సంబంధం ఉంది. మూడేళ్ల పిల్లకు ఏమీ గుర్తుండదు. పదో తరగతి మొదలైతే పరీక్షలు, ఆ తర్వాత ఇంటర్ కాలేజీ, దాని ఫీజు లక్షల్లో. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న ఆ నాలుగేళ్లే అదను. మన వేసవి సెలవుల్లో టికెట్లు మండిపోతాయి, మే నెలలో థాయ్‌లాండ్‌లో వానలు మొదలవుతాయి, దుబాయ్‌లో 40 డిగ్రీలు దాటుతుంది. సంక్రాంతి సెలవులప్పుడు వాతావరణం బాగుంటుంది, రేటు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నెలల ముందు టికెట్ తీసుకోగలిగితేనే ఆ రోజులు మన అందుబాటులోకి వస్తాయి.

దుబాయ్ అంటే గుర్తొచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు, కడప వైపు ఎన్నో ఇళ్లకు విదేశమంటే టూర్ కాదు, నాన్న పనిచేసే చోటు. రెండేళ్లకోసారి సెలవుకొచ్చే మనిషి. ఆ ఇంటి పిల్లలు ఒక్కసారి అక్కడికి వెళ్లి నాన్న ఏ ఎండలో పని చేస్తున్నాడో, ఏ రోడ్డు మీద కంపెనీ బస్సెక్కుతున్నాడో చూడటానికి ఖర్చుపెడతానంటే నేను మిగతా లెక్కలన్నీ కాస్త సడలిస్తాను. లేబర్ క్యాంపులో కుటుంబాన్ని ఉండనివ్వరు కాబట్టి గది అద్దె, వీసా ఖర్చు తప్పవు. అయినా ఐదు రాత్రులు కాకపోతే మూడు రాత్రులు. ఆ మూడు రోజులకూ బీచ్ రిసార్ట్‌లో గడిపే ఐదు రోజులకూ పోలిక లేదు.

అలాంటి కారణం లేనివాళ్లు "విదేశం" అన్న మాటను పక్కనపెట్టి, ఏం చూడాలని ఉందో ముందు మాట్లాడుకోవాలి. సముద్రం, దీవులు అయితే పాస్‌పోర్టు అక్కర్లేని అండమాన్ ఉంది. దేశం దాటామనే తృప్తే కావాలంటే నేపాల్ ఉంది. హైదరాబాద్ నుంచి బీహార్ సరిహద్దులోని రక్సౌల్‌కు నేరుగా రైలుంది, దిగితే అవతల నేపాల్ ఊరు వీర్‌గంజ్. పాస్‌పోర్టు లేకపోయినా పెద్దవాళ్లకు ఓటరు కార్డు చాలు, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ మాత్రం చెల్లదు. స్లీపర్‌లో వెళ్లి, మామూలు లాడ్జీల్లో దిగితే నలుగురికీ 60 వేల లోపు ముగించొచ్చని నా అంచనా. ఎక్కడికెళ్లినా ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే, ఆరోగ్యశ్రీ సరిహద్దు అవతల పనికిరాదు.

మన 40 వేల కుటుంబానికి నేను చెప్పేది ఇదీ. ముందు మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మొదట అది పోగుచేయాలి, టూర్ మాట ఆ తర్వాతే. ఉంటే నెలకు 5 వేల చొప్పున వేరే ఖాతాలో వేయండి. నేపాల్‌కు ఏడాది పడుతుంది. థాయ్‌లాండ్‌కు 35 నెలలు, అంటే ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఎనిమిదిలో ఉంటుంది. మధ్యలో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే ఆ డబ్బు దానికే, అందులో బాధపడాల్సింది లేదు, టూర్‌ను ఏడాది వెనక్కి జరుపుకోవచ్చు. నాన్-రిఫండబుల్ (రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని) టికెట్ మాత్రం మొత్తం డబ్బు ఖాతాలో పడ్డాకే తీయండి. పాస్‌పోర్టులు కూడా అప్పుడే చేయించండి, పిల్లలవి ఐదేళ్లకే అయిపోతాయి.