సవరణ: డొరొతీ చెప్పులు నవలలో కెంపులవి కావు

‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939) సినిమా గురించి మొన్న రాస్తూ, కథానాయిక డొరొతీ తొడుక్కునే కెంపు చెప్పులు నవలలోంచే వచ్చాయన్నాను. అది తప్పు, క్షమించండి. ఎల్. ఫ్రాంక్ బామ్ నవల (1900)లో అవి వెండి బూట్లు. టెక్నికలర్ అనే రంగుల ఫిల్మ్ పద్ధతిలో, ఆ పసుపు ఇటుకల దారి మీద బాగా కనబడాలని సినిమావాళ్లు ఎరుపు చేశారు. దగ్గర్నుంచి చూస్తే అవి రాళ్లు కూడా కావు, వరసగా కుట్టిన ఎర్ర చమ్కీలు.

ఇంకోటి. అప్పటిదాకా గోధుమ వన్నెలో సాగిన సినిమాలో డొరొతీ కాన్సాస్ ఇంటి తలుపు తెరుచుకుని రంగులు పరుచుకునే షాట్‌ని ల్యాబ్‌లో కలిపిన ట్రిక్ అని రాశాను. నిజానికి అది రంగుల ఫిల్మ్ మీదే తీశారు. ఇంటి లోపలంతా గోధుమ వన్నె పెయింట్ వేసి, అదే వన్నె గౌను తొడిగిన డూప్ చేత తలుపు తీయించారు. ఆమె పక్కకి తప్పుకోగానే నీలం గళ్ల గౌనులో డొరొతీ వేషం వేసిన జూడీ గార్లండ్ నడిచి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దర్శకుడిగా విక్టర్ ఫ్లెమింగ్ పేరొక్కటే చెప్పాను. తెర మీద ఉన్నది ఆయన పేరే. కానీ ‘ఓవర్ ది రెయిన్‌బో’ పాటతో సహా కాన్సాస్ సన్నివేశాలు తీసింది కింగ్ విడార్.